ఈడు ఒకటే, ఒళ్ళే వేరు

ఏప్రిల్ నెలాఖరు. అమెరికా ఉత్తరాన విస్కాన్సిన్‌లోనో మిషిగన్‌లోనో ఓ ఇంటి వెనక ఎకరం చెరువు. పైన కప్పిన మంచుపలక కరిగి మూడు నాలుగు వారాలే అయింది. నీళ్ళలో వేలు పెడితే జివ్వుమంటుంది. పండగ అయిపోయాక తెచ్చి గట్టువార ముంచిన క్రిస్మస్ చెట్టు కొమ్మకు తెల్లటి పట్టీ ఒకటి వేలాడుతోంది. తడిసిన జడరిబ్బనులా జారుడుగా, హార్మోనియం తిత్తిలా ముడతలు ముడతలుగా ఉంది. అవి ఎల్లో పెర్చ్ గుడ్లు. ఒక్క తల్లి ఒక్క ఊపులో పెట్టినవి. పట్టీని సాగదీస్తే మనిషి నిలువు దాకా రావచ్చు. గుడ్లు లెక్కపెట్టే ఓపికుంటే 10 వేల నుంచి 40 వేల దాకా తేలతాయి.

ఆ పట్టీని మధ్యకు కోసి సగం పక్కింటి చెరువులో వేశారనుకోండి. తల్లి ఒకటే, పుట్టిన వారం ఒకటే. మూడేళ్ళు పోయాక రెండు చెరువుల్లోనూ గాలం వేస్తే, ఒకదాంట్లో అరచేతిలో ఇమిడిపోయే 12 సెంటీమీటర్ల చేప పడొచ్చు. పెద్ద తలకాయ, గుడ్లురిమినట్టున్న కళ్ళు, వెనక సన్నగా తోక. రెండోదాంట్లో 25 సెంటీమీటర్ల చేప రావచ్చు. తల వెనక మూపు లేచి, పొట్ట నిండి, చేతిలో పట్టు దొరకనిది. పక్కపక్కన పడుకోబెడితే అక్కాచెల్లెళ్ళంటే ఎవరూ నమ్మరు. ఒకటి తల్లి, ఒకటి పిల్ల అనుకుంటారు.

పొలం గట్టున పెరిగిన మన కళ్ళు దూడను చూసి దాని ఈడు చెప్పేస్తాయి. కోడిపిల్లను చూసినా అంతే. చేప దగ్గర ఆ లెక్క చెల్లదు. పాలిచ్చే జంతువులకు ఎముక ఎదుగుదల ఒకచోట ఆగుతుంది. చేపకు అలాంటి గీత లేదు, తిండి దొరికినన్నాళ్ళూ పెరుగుతుంది. దొరక్కపోతే చచ్చిపోవాలని కూడా లేదు, పెరగడం మానేసి బతికేస్తుంది. అందుకే చేప పొడవు దాని వయసు చెప్పదు, అది బతికిన నీళ్ళ సంగతి చెబుతుంది. అసలు వయసు తెలియాలంటే చెవిలోపలి చిన్న రాయిని తీసి, చెట్టు మానులో వలయాలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాలి.

పులిచారల బంగారం

ఎల్లో పెర్చ్ శాస్త్రీయ నామం పెర్కా ఫ్లావెసెన్స్. 1814లో న్యూయార్క్ వైద్యుడు శామ్యూల్ మిచిల్ దీన్ని తొలిసారి వర్ణించి పేరు పెట్టాడు. ఒళ్ళంతా ఇత్తడి పసుపు, వీపు నుంచి పక్కలకు దిగే ఆరేడు నల్లటి పట్టీలు, కింది రెక్కలు నారింజ. వీపు మీద ముందు రెక్క నిండా ముళ్ళు. ఇంగ్లిషులో పెర్చ్ అన్న పేరు సముద్రాల్లో తిరిగే రకరకాల చేపలకు తగిలించారు. మన పండుగప్పను సైతం కొందరు అలాగే పిలుస్తారు గానీ, ఆ రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు.

అక్కడివాళ్ళకు ఇది రుచి చేప. విస్కాన్సిన్‌లో శుక్రవారం రాత్రి చేపల వేపుడు పెద్ద ఆనవాయితీ, అందులో పెద్దపీట పెర్చ్‌ది. 1990లలో లేక్ మిషిగన్‌లో పెర్చ్ సంతతి కుప్పకూలింది. వలవాళ్ళ చేతులు ఖాళీ అయ్యాక చెరువుల్లో పెంచే ఆలోచనకు ఊపొచ్చింది. అది వ్యాపారుల మాట. ఇక్కడ చెబుతున్నది ఎక్కువగా సొంత చెరువువాళ్ళ గురించి. ఇంటి వెనక అర ఎకరమో రెండెకరాలో నీళ్ళుండి, మనవళ్ళతో గాలం వేసుకుని, రాత్రికి నాలుగు ముక్కలు వేయించుకుందామనుకునే వాళ్ళు. వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: నా చేపలు ఎందుకు పెరగడం లేదు?

పెరుగుదల అంటే ఎంతో తెలిస్తే చేపలు పెంచే మన కైకలూరు రైతు నవ్వుతాడు. బాగా మేపితే రెండు వేసవుల్లో 20 సెంటీమీటర్లు, అంటే ఓ 110 గ్రాములు. కూరకు పనికొచ్చే కనీస సైజు అదే. రెండేళ్ళు మేపి వంద గ్రాములా అని మనకు అనిపిస్తుంది గానీ, అక్కడ ఏడాదిలో సగం రోజులు చేపకు ఎదుగుదల లేని రోజులే. మంచుపలక కింద కూడా పెర్చ్ మేస్తుంది. ఆ పలకకు కన్నం వేసి దాన్ని పట్టడం అక్కడ పెద్ద వినోదం. అయితే ఆ చలిలో తిన్నది ఒంటికి పట్టి పొడవు పెరగదు. దీనికి ఇష్టమైన వేడి 22, 24 డిగ్రీల మధ్య. నీళ్ళు 30 దాటితే ప్రాణానికే కష్టం. అలాగని చలి లేకుండానూ బతకలేదు. నాలుగైదు నెలలకు పైగా 10 డిగ్రీలకన్నా చల్లటి నీళ్ళు తగలకపోతే ఆడచేప కడుపులో గుడ్లు సరిగ్గా ముదరవు. మన పెన్నానదిలో వేస్తే ఏమవుతుందని అడగబోయేవారికి జవాబు అందులోనే ఉంది.

కొలబద్ద, త్రాసు

చెరువు ఆరోగ్యం తెలుసుకోవడానికి అక్కడివాళ్ళు వాడే పద్ధతి చాలా సాదా. గట్టున ఒక కొలబల్ల, ఒక త్రాసు. చేప పొడవు చూసి, ఆ పొడవుకు ఎంత బరువుండాలో పట్టికలో వెతికి, దీని బరువు అందులో నూటికి ఎంతో కడతారు. ఈ లెక్కను 1978లో ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు పెద్దనోటి బాస్ చేప కోసం మొదలుపెట్టారు. పెర్చ్‌కు తగిన సూత్రం 1991లో వచ్చింది. దాని ప్రకారం 20 సెంటీమీటర్ల పెర్చ్ 111 గ్రాములు, 25 సెంటీమీటర్లదైతే సుమారు 229, 30 అయితే 412 గ్రాములు తూగాలి. మీ చేతిలోని 25 సెంటీమీటర్ల చేప 180 గ్రాములే తూగిందా? అయితే దానికి 79 మార్కులు. బక్క చేప. 100 దగ్గర ఉంటే భేషు. ఇందులో ఒక మెలిక గుర్తుంచుకోవాలి. ఆ పట్టిక సగటు చేపను చూసి కట్టింది కాదు, సగటుకన్నా పైమెట్టు మీదున్న చెరువుల చేపలను చూసి కట్టింది. కాబట్టి 100 అంటే పాస్ మార్కు కాదు, మంచి మార్కు.

ఆ సూత్రంలో నాకు బాగా నచ్చిన అంకె 3.23. ఒక వస్తువు ఆకారం మారకుండా పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. ఇటుకైనా, లడ్డూ అయినా అంతే. లెక్కలో దీని ఘాతం 3. పెర్చ్‌ది మాత్రం 3.23. అంటే 10 సెంటీమీటర్లప్పుడు 12 గ్రాములున్న చేప 20 సెంటీమీటర్లయ్యేసరికి ఎనిమిది రెట్లతో ఆగదు, తొమ్మిది దాటుతుంది. సాగుతూ సాగుతూ అది లావెక్కుతుంది. మూపు లేస్తుంది, పక్కలు ఉబ్బుతాయి. పెద్ద పెర్చ్ అంటే సాగదీసిన చిన్న పెర్చ్ కాదు, వేరే ఆకారం. చెరువు యజమాని ఫొటోలో చూసి గర్వపడే ఆ గూని ఈ పాయింట్ రెండు మూడులోంచే వచ్చింది.

త్రాసు కూడా మోసం చేయగలదు. మార్చిలో తూచిన ఆడచేప మెరుగ్గా కనిపిస్తుంది, ఎందుకంటే దాని బరువులో అయిదో వంతు దాకా గుడ్లే ఉండొచ్చు. గుడ్లు పెట్టిన మర్నాడు అదే చేప జ్వరంతో లేచినట్టుంటుంది. అందుకని తెలిసినవాళ్ళు శరదృతువులో తూస్తారు.

చేప బరువుతో నీటి సంగతి చదవొచ్చని చూపించిన పేరున్న పరిశోధనల్లో ఒకటి ఎల్లో పెర్చ్‌కు దాయాది అయిన యూరప్ పెర్చ్ మీద జరిగింది. ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సులో డేవిడ్ లె క్రెన్ చేసిన ఆ పని 1951లో అచ్చయింది. దాని వెనక కథ యుద్ధకాలపు ఆకలితో మొదలవుతుంది, దాని దగ్గరకు వస్తాను.

పొదల్లో పొట్టిది, నడిమధ్యన పొడుగుది

ఆకారాన్ని మార్చేది తిండి కొరత ఒక్కటే అనుకుంటే పొరపాటు. తిండి ఎక్కడ దొరుకుతుందన్నది కూడా ఒంటిని మలుస్తుంది. స్వీడన్ సరస్సుల్లో యూరప్ పెర్చ్‌ను ఏళ్ళ తరబడి కొలిచారు. గట్టువార నాచులో, తుంగ కాడల మధ్య పురుగులు ఏరుకునే పెర్చ్‌లకు ఒళ్ళు లోతుగా, మూపు ఎత్తుగా ఉంది. సరస్సు నడిమధ్యన నీటిఈగలనే చిన్న జీవులను తరుముతూ తిరిగేవాటికి ఒళ్ళు సన్నగా, కదురులా ఉంది. సందుగొందుల్లో ఠక్కున మలుపు తిరగాలంటే వెడల్పాటి ఒళ్ళు మేలు. బయలులో రోజంతా ఈదాలంటే సన్నటిది మేలు, అలుపు తక్కువ. ఎల్లో పెర్చ్‌లోనూ ఈ తేడా కనిపించింది. మన ఊళ్ళో ఇరుకు సందుల్లో తిరిగే ఆటోకూ హైవే మీద దూసుకుపోయే బస్సుకూ ఉన్న తేడా లాంటిదే.

భయం కూడా శిల్పే. 1992లో ఇద్దరు శాస్త్రవేత్తలు కార్ప్ జాతి చేప మీద చేసిన ప్రయోగం చేపల లోకంలో ప్రసిద్ధం. పైక్ అనే వేటచేప ఉన్న నీళ్ళలో పెరిగినవి లేనిచోట పెరిగిన వాటికన్నా లోతైన ఒంటితో తయారయ్యాయి. నోరు పట్టనంత లావైతే మింగడం కష్టం కదా. మింగేవాడి నోటి కొలత మింగుడుపడాల్సినవాడి ఒంటి కొలతను మార్చింది.

కాబట్టి ఒక చెరువులో పెర్చ్ బారుగా ఉందంటే అది వెంటనే ఆకలి అని తేల్చకూడదు. నాచు లేని, లోతైన, తేట నీళ్ళ చెరువైతే అదే దాని తీరు కావచ్చు. అసలు గుర్తు తలకాయ. మేత చాలక ఆగిపోయిన చేపకు ఒళ్ళు ఆగినా తల, కళ్ళు ఆగవు. అందుకే ఒంటికి మించిన కళ్ళతో, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుంటుంది.

మెట్లు తెగిన నిచ్చెన

పెర్చ్ తిండికి మూడు మెట్లు. పుట్టిన కొత్తలో కంటికానని నీటిఈగలు. వేలంత అయ్యాక అడుగు బురదలోని పురుగులు. ఇంకా పెరిగాక చిన్న చేపలు, చిన్న నీటిరొయ్యల్లాంటివి. పెద్ద చేప చిన్న ఎరతో బతకలేదని కాదు, అలా బతికితే మిగులు ఉండదు. ఒక్కో ఈగ వెంట పరిగెత్తే ఖర్చూ, అది ఇచ్చే బలమూ సరికి సరిపోతాయి. అటుకుల గింజలు ఒక్కొక్కటే ఏరుకుని కడుపు నింపుకోవాలంటే ఎలా ఉంటుందో అలా.

దీనికి కెనడాలో కళ్ళకు కట్టే ఉదాహరణ ఉంది. క్విబెక్‌లోని రువాన్-నొరాండా ప్రాంతంలో రాగి గనులు, కొలిమిల కాలుష్యం పడిన సరస్సుల్లో ఎల్లో పెర్చ్ గిడసబారిపోయింది. లోహాల విషమే నేరుగా దాన్ని ఆపిందేమో అనుకుంటాం. పరిశోధకులు కడుపులు కోసి చూస్తే, విషానికి మొదట పోయినవి అడుగున ఉండే కాస్త పెద్ద పురుగులు. మధ్య మెట్టు ఊడిపోయింది. చేపలు మొదటి మెట్టు మీదే నిలబడిపోయాయి.

సొంత చెరువుల్లో గనులుండవు, గుంపు ఉంటుంది. ఒక్క పట్టీలో ముప్పై వేల గుడ్లుంటే, పది పట్టీలకు ఎంతో మీరే కట్టండి. తినేవాళ్ళు తక్కువైన చెరువులో ఆ పిల్లలన్నీ బతికి, మధ్య మెట్టు పురుగులను ఊడ్చేస్తాయి. ఆపైన వేలకొద్దీ 12 సెంటీమీటర్ల ముసలి చేపలు మిగులుతాయి. నాలుగేళ్ళవి, అయిదేళ్ళవి, గుడ్లు కూడా పెడుతుంటాయి. యజమాని విత్తనం చెడ్డదేమోనని కొత్త పిల్లలు కొని తెచ్చి అదే గుంపులో వేస్తాడు! నిప్పార్పడానికి నెయ్యి పోసినట్టు.

ఇక్కడే మన కొల్లేటి పక్క రైతు గుర్తొస్తాడు. అమెరికాలో జబ్బుగా చూసేదాన్ని ఇక్కడ కావాలని చేస్తారు. శీలావతి, బొచ్చె పిల్లలను ఒక చిన్న చెరువులో కిక్కిరిసేలా పోసి, మేత చాలీచాలకుండా వేసి, ఏడాది దాకా అలా కట్టిపెడతారు. చేప వందా రెండొందల గ్రాముల దగ్గర నిలబడిపోతుంది. ఆ తర్వాత దాన్ని పెద్ద చెరువులోకి మార్చి, ఎకరానికి రెండు, రెండున్నర వేల చొప్పున పలచగా వదిలి, కర్రలకు కట్టిన కంతల సంచుల్లో తవుడు, చెక్క పెడతారు. అణగి ఉన్న చేప అప్పుడు లంకణం విడిచిన రోగిలా తింటుంది. అదే సైజు మామూలు పిల్లకన్నా జోరుగా పెరుగుతుంది. పెద్ద చెరువు ఏడాదంతా పిల్లల కోసం ఖాళీగా కూర్చోకుండా పట్టుబడి మీద పట్టుబడి తీయడానికి ఆంధ్ర రైతు ఈ పద్ధతిని పండించాడు. విస్కాన్సిన్ వాడి గుండెకోత మనవాడి గోదాము. తేడా ఒక్కటే, మనవాడికి ఆ గుంపును ఎప్పుడు విప్పాలో తెలుసు, విప్పే వలా ఉంది.

టమాటా రసంలో పెర్చ్

విప్పితే ఏమవుతుందో విండర్‌మియర్ చూపించింది. రెండో ప్రపంచయుద్ధం. బ్రిటన్‌లో తిండికి కటకట, సముద్రంలోకి పోతే జర్మన్ జలాంతర్గాములు. సరస్సులో ఉన్న లక్షల చిన్న పెర్చ్‌ల మీద కన్నుపడింది. బుట్టల్లాంటి బోనులు దింపి, గుడ్లు పెట్టడానికి గట్టువారకు వచ్చే చేపలను పట్టి, టమాటా రసంలో వేసి డబ్బాలకెక్కించారు. ఆ డబ్బాలకు పెర్చైన్స్ అని పేరు. సార్డైన్స్‌కు ప్రాస! రుచి గురించి ఎవరూ గొప్పగా చెప్పుకున్నట్టు లేదు, నాకు మాత్రం ఆ పేరు పెట్టినవాడి మీద గౌరవం.

ఆ వేట వల్ల సరస్సులో పెర్చ్‌లు బాగా పలచబడ్డాయి. మిగిలినవి మునుపటికన్నా పెద్దగా పెరగసాగాయి. లె క్రెన్ 22 ఏళ్ళ లెక్కలు పేర్చి 1958లో ప్రకటించాడు. పెరుగుదలను నడిపిన పగ్గాలు రెండు: వేసవి వేడి, గుంపు పలచన. వేడి మన చేతిలో లేదు.

అమెరికాలో అదే రోజుల్లో అలబామాలోని ఆబర్న్‌లో హెచ్.ఎస్. స్వింగిల్ వందల చెరువుల్లో తూకాలు వేస్తున్నాడు. తినే చేపకూ తినబడే చేపకూ మధ్య బరువుల నిష్పత్తి చెడితే చెరువు ఎలా గతి తప్పుతుందో 1950లో ఆయన రాసింది సొంత చెరువుల నిర్వహణకు పునాది అయింది. చెరువులో కొన్ని బాస్ చేపలుంటే పిల్ల పెర్చ్‌లను పలచన చేస్తాయి. మరీ ఎక్కువైతే పెర్చ్ నామరూపాల్లేకుండా పోతుంది, ఎందుకంటే సన్నటి ఒళ్ళు మింగడానికి వీలు.

ఆడదే పెద్దది

మీ చెరువులో 25 సెంటీమీటర్లు దాటిన పెర్చ్ పడితే అది దాదాపు ఆడదే. మగది తొందరపడి ఒకటి రెండేళ్ళకే పెద్దమనిషై, తిన్నదంతా సంతానం పనికి పెట్టి, పొడవు మరిచిపోతుంది. ఆడది ఇంకో ఏడాది ఆగుతుంది, ఎక్కువ తింటుంది, ముందుకెళ్ళిపోతుంది. అందుకే పెంపకందారులు అన్నీ ఆడవే ఉండే సంతతి కోసం తాపత్రయపడ్డారు. ఆడ చేపపిల్లలకు మగ హార్మోను మేతలో పెట్టి పెంచితే అవి మగవిగా మారి వీర్యం ఇస్తాయి. వాటితో కలిపిన గుడ్లన్నీ ఆడపిల్లలే అవుతాయి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పైక్టన్ కేంద్రంలో తరాల తరబడి ఎంపిక చేసి, వేగంగా పెరిగే రకాలను తయారుచేశారు. వాటిని తెచ్చి కిక్కిరిసిన చెరువులో పోస్తే ఏమవుతుందో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

కొందరు గుళికల మేతకు దిగుతారు. పెర్చ్‌కు పుట్టుకతో గుళిక అంటే ఏమిటో తెలియదు, వేలంత పిల్లప్పుడే తొట్టిలో అలవాటు చేయాలి. అలవాటు కానివి చస్తాయి, లేదా తోడబుట్టినవాటిని తింటాయి. అలవాటైన పిల్ల పెట్టింది పెట్టినట్టు తిని 120 మార్కులు తెచ్చుకుంటుంది. కోసి చూస్తే పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు గడ్డలు. త్రాసు మీద గ్రాములన్నీ ఒకటే. వేపుడు ముక్కలోకి వచ్చే కండ మాత్రం ఆ లెక్కన పెరగదు. ఫొటోకు మంచి చేప, పెనానికి మామూలు చేప.

అన్నిటికన్నా పెద్ద ఎల్లో పెర్చ్ ఏ మేతా ఎరగనిది. 1865 మేలో న్యూజెర్సీలోని బోర్డెన్‌టౌన్ దగ్గర చార్లెస్ అబాట్ అనే వైద్యుడు పట్టాడు. ఆయన ప్రకృతి శాస్త్రవేత్త కూడా. తూకం 4 పౌండ్ల 3 ఔన్సులు, దాదాపు 1.9 కిలోలు. లింకన్‌ను కాల్చి చంపి నెల కావస్తున్న రోజులు. ఇక్కడ గురజాడ ఇంకా పాలబుగ్గల పసివాడు. ఉత్తర అమెరికా మంచినీటి చేపల రికార్డుల్లో అంత పాతది ఇంకొకటి లేదు. నూట అరవై ఏళ్ళుగా గుళికలు, హార్మోన్లు, ఎంపిక చేసిన రకాలు ఎన్ని వచ్చినా ఆ అంకె కదలలేదు.

మళ్ళీ ఏప్రిల్ చెరువు దగ్గరకు. ఆ జిగురు పట్టీని మిగతా చేపలు తినవు. పైన కప్పిన జెల్లీ వాటికి పనికిరాదు, నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. గుంపు పలచన చేయాలంటే నేరుగా యజమాని చెయ్యే దిగాలి. క్రిస్మస్ చెట్లు ముంచింది అందుకే. పెర్చ్ గుడ్లు పెట్టే కొమ్మను మనమే పెడితే, వెతుక్కునే పని లేకుండా పొద్దున్నే వెళ్ళి ఎత్తేయవచ్చు. యజమాని రబ్బరు బూట్లు వేసుకుని, మోకాలి లోతు చన్నీళ్ళలో దిగి, చెట్టు మొదలు పట్టి గుంజుతాడు. కొమ్మల నిండా ఏడు పట్టీలు. వాటిలో ఒకటో రెండో నీళ్ళలో వదిలి మిగతావి గట్టున ఆరేస్తాడు. సాయంత్రానికి అవి ఎండి చీకిన గుడ్డపీలికల్లా గడ్డికి అంటుకుంటాయి.